తెర మీద దొరికిన కెనడా బండి

సినిమాలో హీరో ఎవరో స్తుతికి పట్టదు. హీరోయిన్ చీర పట్టదు, పాట పట్టదు, ఫైటు పట్టదు. వెనకాల రోడ్డు మీద ఏ బండి పోతోందో అదొక్కటే కావాలి. ఫోనులో బొమ్మ ఆపుతుంది, రెండు వేళ్ళతో పెద్దది చేస్తుంది, కళ్ళు చికిలించి చూస్తుంది, కాదని తేలాక మళ్ళీ నడిపిస్తుంది. మణుగూరు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడిపే ఆమె మొగుడు జానీ మొదట్లో నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి అలవాటుపడ్డాడు. "అందరి పెండ్లాలు హీరోలను జూస్తరు, నాదేమో టైర్లను జూస్తది" అని తోటివాళ్ళ దగ్గర చెప్పుకునేవాడు.

పైగా వాళ్ళ సంఘంలో సినిమా చూడడమే పాపం. బూర్గంపాడు దాటి అడవి వైపు పోయే దారిలో, పాత మిషన్ కాంపౌండులో ఉంది ఆ సంఘం గుడి. అక్కడ పాపం చేసినవాళ్ళకు బల్ల ఆపుతారు. అంటే, నెలకోసారి అందరికీ ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు వాళ్ళకు మాత్రం ఇవ్వరు. అంతటితో అయిపోదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోట వేసిన చివరి చాప మీద కూర్చోబెడతారు. ఎవరికి అన్యాయం చేశారో ఆ మనిషే వచ్చి చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొస్తే మళ్ళీ బల్ల దొరుకుతుంది. రాకపోతే ఆ చాపే గతి.

స్తుతి తండ్రి తోమాసు చనిపోయేదాకా ఆ చాప మీదే కూర్చున్నాడు.

తోమాసు మిషన్ దవాఖానాలో డ్రైవరు. ఆ దవాఖానా నడిపిన డాక్టరమ్మ కెనడా మనిషి. ఊళ్ళన్నీ ఆమెను దొరసాని అనేవి. ఆమె తన దేశం నుంచి ఓడ మీద తెప్పించిన బండి అది. ముందు చూస్తే కారు, వెనక చూస్తే మంచం పట్టేంత చోటు. స్టేషన్ వ్యాగన్ అంటారని దొరసాని చెప్పినా, జనం మాత్రం దొరసాని బండి అనే పిలిచారు. అడవి ఊళ్ళలో ఏ ఆడమనిషికి నొప్పులొచ్చినా తోమాసు ఆ బండి తీసుకుని పోవలసిందే. వాగులు పొంగి దారి ఆగినప్పుడు కొందరు అందులోనే కనేవాళ్ళు. అలా ఒక బిడ్డ పుట్టినప్పుడల్లా, వెనక తలుపు లోపలివైపు వడ్రంగి బిగించిన టేకు చెక్క మీద తోమాసు మేకుతో చిన్న శిలువ గీసేవాడు. తండా నుంచి గుడికొచ్చే సోమ్లి అలా పుట్టిందే. బండి గుంతలో పడ్డప్పుడు గీశాడేమో, ఆమె శిలువ వంకరగా వచ్చింది. స్తుతి కూడా అలా పుట్టిందే, కిన్నెరసాని ఒడ్డున వాన ఎప్పుడు తగ్గుతుందా అని చూస్తుండగా. తన సొంత బిడ్డ కదా, ఆ శిలువ కింద తోమాసు ఒక చుక్క కూడా పెట్టుకున్నాడు.

దొరసాని ముసలిదై తన దేశం వెళ్ళిపోయింది, దవాఖానా మూతపడింది. బండి షెడ్డులో ఉండేది. ఒకరోజు తెల్లారేసరికి షెడ్డు ఖాళీ. అప్పటి సంఘం సెక్రటరీ ప్రభుదాసు గుడిలో నిలబడి, తాళంచెవి తోమాసు దగ్గరే ఉందనీ, వాడే పాత ఇనుము కింద అమ్ముకున్నాడనీ చెప్పాడు. ముందురోజు సాయంత్రం ప్రభుదాసే వచ్చి తాళంచెవి అడిగి తీసుకున్నాడని తోమాసు మొత్తుకున్నాడు. ఎవరు నమ్ముతారు? ప్రభుదాసు వాక్యం చదివితే ముసలమ్మలు కొంగులు కళ్ళకద్దుకునేవాళ్ళు. తోమాసుకు ఖాకీ చొక్కా, నత్తి. బల్ల ఆగిపోయింది.

బండి సంఘానిది కాబట్టి, సంఘం తరఫున వచ్చి చెయ్యి పట్టవలసింది సెక్రటరీయే. ప్రతి బల్ల ఆదివారం ప్రభుదాసు ఆ చాప పక్కనుంచే నడిచేవాడు. తోమాసు చెయ్యి చాచేవాడు. ప్రభుదాసు పంచె అంచు కాస్త పైకి పట్టుకుని, బురద దాటినట్టు దాటిపోయేవాడు. పక్కన కూర్చున్న స్తుతి ఆ చెయ్యినే చూస్తూ పెరిగింది. శత్రువును క్షమించమని వాక్యం చెబుతుంది. ఆ వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. కంఠం దాటి కిందికి మాత్రం దిగలేదు.

తోమాసు మంచాన పడ్డాక కూతురిని పిలిచి, ఒక లారీ క్లీనరు చెప్పిన మాట చెప్పాడు. "మన బండిని ఇనుము కింద పలగ్గొట్టలేదంట బిడ్డా. పట్నంల సినిమాలోళ్ళ దగ్గర ఉన్నదంట." వెతకడానికైనా టాకీసులో కాలు పెట్టడం పాపమని భయపడి తోమాసు చూడకుండానే పోయాడు. నేను చూస్తానని ఆమె తండ్రి సమాధి దగ్గర అనుకుంది. అనుకున్నదాన్ని వదల్లేదు.

ఫోను వచ్చాక పని సులువైంది. సినిమాల్లో కనబడే పాత బండ్లు ఏవో గుర్తుపట్టడమే పనిగా పెట్టుకున్న ప్రపంచం నలుమూలల జనం ఒక గుంపుగా ఉన్నారని తెలిసి అందులో చేరింది. వాళ్ళూ తనలాంటి పిచ్చోళ్ళే. ఒక ఫోర్డు వెనక దీపం గుండ్రంగా ఉందా కోలగా ఉందా అని వారం రోజులు కొట్టుకుంటారు. స్తుతి నేర్చుకుంది. ప్లిమత్ వ్యాగన్ రెక్కలు ఎలా లేస్తాయో, రాంబ్లర్ పైకప్పు వెనక్కి వచ్చేసరికి ఎలా దిగుతుందో, పక్కన అతికించిన చెక్క అసలుదో రంగు కాగితమో కళ్ళతోనే చెప్పేస్తుంది. తండ్రి బండి పక్కన నిలబడ్డ పాత ఫొటో ఒకటి ఆ గుంపులో పెడితే కెనడా ముసలి మెకానిక్ ఒకాయన జవాబిచ్చాడు. అది కెనడాలో చేసిన పోంటియాక్ అట. పైన పోంటియాక్ ఒళ్ళు, కింద షెవర్లే కాళ్ళు. ఒళ్ళు వెడల్పు, ఇరుసు ఇరుకు. అందుకే చక్రాలు లోపలికి నక్కినట్టుంటాయి, అమెరికా పోంటియాక్‌కు అలా ఉండవు. ఆ మాట చదివి స్తుతికి ఏడుపొచ్చింది. "మన బండి అన్న అంగీ తొడుక్కున్న తమ్ముడు బిడ్డా" అని తండ్రి ఎప్పుడూ అనేవాడు.

ఇక హీరోలు పోయి చక్రాలు మిగిలాయి. లోపలికి నక్కిన చక్రాలు.

మొన్న ఎండాకాలంలో, వంటయ్యాక ఫోను గోడకానించి చూస్తోంది. ఏదో జమీందారు బంగళా, పెళ్ళి హడావుడి. వాకిట్లో ఆకుపచ్చ రంగు కొట్టిన పొడుగాటి బండి. చక్రాలు లోపలికి. ఆమె చెయ్యి దానంతటదే బొమ్మ ఆపింది. మళ్ళీ నడిపింది. పనివాడు వెనక తలుపు కిందికి దించి పెట్టెలు ఎక్కించాడు. లోపల టేకు చెక్క. పాతకాలపు కళ కావాలని సినిమావాళ్ళు దాని మీద తర్వాతెవరో కొట్టిన రెగ్జిన్ పీకేసినట్టున్నారు, అంచుల్లో మేకులకు ఇంకా పీలికలు వేలాడుతున్నాయి. చెక్క నిండా శిలువలు. ఒకటి వంకర. ఒకదాని కింద చుక్క.

స్తుతి ఏడవలేదు. నవ్వింది. ఆ నవ్వు విని జానీ లోపలికొచ్చాడు.

చివర్లో పడే పేర్లలో పాత వాహనాలు సమకూర్చినవారు కిషోర్ అని ఉంది. ప్రభుదాసు కొడుకు కిషోర్ పట్నంలో చేసే వ్యాపారమే అది. ఎంత తెలివి! సంఘం మొత్తం కళ్ళు మూసుకునే చోటు ఒకటుంది, అది సినిమా. ప్రభుదాసు బండిని తీసుకెళ్ళి అక్కడే దాచాడు. ఏటా ఉపవాస కూడికల్లో సినిమా సైతాను కొలిమి అని గొంతు చించుకునేది కూడా ఆయనే.

"పోలీసు టేషన్‌కు పోదాం పా" అన్నాడు జానీ.

"పోలీసోళ్ళకిస్తే కేసయితది. చాప గాదు" అంది స్తుతి. ఆమెకు చాపే కావాలి.

"మీ నాయన అమ్మిన ఇనుములనే మా పిలగాడు కొనుక్కున్నడు అంటడు. అప్పుడేం జేస్తవ్?"

అది నిజమే. ఆ అబద్ధం ఆయన నాలుక చివరే ఉంటుంది. అయినా గుడికే వెళ్ళింది.

బల్లకు ముందు ఆదివారం ఒప్పుకోలు. తప్పు చేసినవాళ్ళు ముందుకొచ్చి నిలబడాలి, పెద్ద అడిగినదానికి ఏదీ దాచకుండా చెప్పాలి. దాచితే ఒప్పుకోలు చెల్లదు. అడిగే పెద్ద ప్రభుదాసే. ఎనభై దాటినా కుర్చీ ముందువరసలోనే, గొంతు గంటలాగే. స్తుతి ఫోను పట్టుకుని లేచి ముందుకు నడిచింది.

"నేను సినిమాలు జూస్తున్న పెద్దయ్యగారూ."

గుడంతా గుసగుసలాడింది. ప్రభుదాసు కళ్ళు మెరిశాయి. దొంగ కూతురు పాపి అయితే ఎవరికి సంబరం ఉండదు?

"ఎన్నొద్దుల సంది?"

"మా నాయన పోయినకాడి నుంచి."

"ఏం జూసినవ్? ఏ అసహ్యం జూసినవ్? దాచకుండ చెప్పు."

"బండ్లు జూసిన."

ఎవరో నవ్వారు. "బండ్లు జూసుడేంది? అడ్డంగ మాట్లాడకు. కంటికి ఏం కనబడ్డదో అది చెప్పు" అన్నాడాయన.

"దొరసాని బండి కనబడ్డది."

నవ్వు ఆగింది. మధిర వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు బైబిలు మూసి తలెత్తాడు. ప్రభుదాసు మాత్రం తొణకలేదు. ముందే వండిపెట్టుకున్న మాట వడ్డించాడు. "కనబడొచ్చు. మీ నాయన అమ్మినదాన్ని ఎవరో కొన్నరు. ఎవరి దగ్గరనో మా పిలగాడు గూడ కొనచ్చు. అయినా గసొంటి బండ్లు ఎన్ని లేవు."

"శిలువలు కనబడ్డయ్ పెద్దయ్యగారూ. ఎనక తలుపు చెక్క మీద. సోమ్లక్కది వంకర శిలువ. నా దాని కింద చుక్క."

సోమ్లి ఆడవాళ్ళ వరసలోంచి లేచి నిలబడింది. ప్రభుదాసుకు కోపం నషాళానికంటింది. ఆయన జీవితంలో ఎవరూ ఎదురు మాట్లాడలేదు, అదే ఆయన కొంప ముంచింది.

"దేవుని ఇంట్ల అబద్ధమా? శిలువలెట్ల కనబడ్తయ్? షెడ్డులకెల్లి తీసిన నాడే దాని మీద రెగ్జిన్ కొట్టిచ్చిన గదా!"

ఆయన నోరు తెరిచే ఉంది. లోపలికి లాక్కుందామంటే మాట తిరిగి రాదు కదా.

"ఎవరు కొట్టిచ్చిన్రు?" అంది సోమ్లి, మెల్లగా.

దొంగకు తేలు కుట్టినట్టయింది. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుండిపోయాడు. పాస్టరు స్తుతి దగ్గరకొచ్చి చెయ్యి చాపాడు. "ఆ ఫోను ఇలా ఇవ్వమ్మా, చూద్దాం." ఆయన చూశాడు. ఆయన దగ్గర్నుంచి సోమ్లి లాక్కుంది, ఆమె నుంచి పక్కావిడ. సినిమా అంటే చెవులు మూసుకునే సంఘం వరసలు వరసలుగా మెడలు చాచి సినిమా చూసింది. వెనకవాళ్ళు కనబడ్డంలేదని గోల కూడా చేశారు. సోమ్లి తన వంకర శిలువను వేలితో నిమిరి, గాజు పలక మీద పెదాలు ఆనించింది.

పాస్టరు కుర్రవాడైనా న్యాయం తెలిసినవాడు. తోమాసు మీది నింద ఆ పూటే గుడిలో చదివి కొట్టేశారు. ప్రభుదాసుకు బల్ల ఆగింది, ముందువరస కుర్చీ పోయింది, చివరి చాప వచ్చింది. అయితే కట్టుబాటు కట్టుబాటే. సినిమాలు చూసినందుకు స్తుతికి కూడా వానాకాలం అయ్యేదాకా బల్ల ఆపారు. ఆ చాప ఆమెకు కొత్తా ఏమిటి? ప్రతి ఆదివారం వచ్చి, తండ్రి కూర్చున్న మూలనే కూర్చుని, పక్కనున్న ముసలాయన్ను తీరిగ్గా చూసేది. ఆయనకు మోకాళ్ళు ముడుచుకోవు. చెప్పుల వాసనకు పంచె చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. ఆమెకు అది చూస్తుంటే కడుపు చల్లగా ఉండేది. అలా ఉండకూడదని తెలుసు, అయినా ఉండేది.

వానలు వెనకపట్టాక వచ్చిన బల్ల ఆదివారం పాస్టరు చాప దగ్గరకొచ్చాడు. సినిమా చూసినందుకు అన్యాయమైపోయిన మనిషి అంటూ ఎవరూ లేరు, అందుకని ఆమె చెయ్యి ఆయనే పట్టుకోవాలి. స్తుతి లేచింది. అప్పుడు పక్కనుంచి ముసలి చెయ్యి ఒకటి పైకొచ్చింది.

"బిడ్డా, నన్ను గూడ తీస్కపో. తోమాసు లేడాయె. ఇగ నువ్వే పట్టాలె. మల్లొచ్చే బల్లకు నేనుంటనో ఉండనో."

గుడి మొత్తం వెనక్కి తిరిగింది. పాస్టరు ఆమె ముఖంలోకి చూశాడు, పట్టుకోమ్మా అన్నట్టు. సోమ్లి తల దించుకుంది. స్తుతి ఆ చెయ్యిని చాలాసేపు చూసింది. అచ్చం అంత ఎత్తులోనే ఉండేది తండ్రి చెయ్యి కూడా. అలాగే వేళ్ళు విచ్చుకుని ఉండేవి.

"మా నాయన గూడ గిట్లనే చాపిండు పెద్దయ్యగారూ. మీరు యాది జేసుకుంట కూసోండ్రి."

చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని ఆ చెయ్యి దాటింది.

బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచింది. వెనక చాప మీద ముసలాయన ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఆమె రొట్టెను మెల్లగా, చప్పరిస్తూ తింది. తియ్యగా ఉంది.