పక్కన కూర్చునే ఉద్యోగం

మెట్లు తుడవడం అయ్యాక పెద్దమ్మ చీపురు మూలకి ఆనించి, ముందుగదిలో కుర్చీలు సర్దడం మొదలుపెట్టింది. ఎదురెదురుగా వెయ్యకూడదు. ఎదురుగా కూర్చుంటే పోలీసు స్టేషను గుర్తొస్తుంది. మరీ ఆనించి కూడా వెయ్యకూడదు. చెయ్యి చాపితే అందాలి, చాపకపోతే తగలకూడదు. వీపు గోడకి ఉండాలి, తలుపు కనపడుతూ ఉండాలి. ఇదంతా ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఇరవై రెండేళ్ళుగా కూర్చుని కూర్చుని ఆవిడ తెలుసుకున్నది.

సంస్థ రిజిస్టరులో ఆవిడ ఉద్యోగం పేరు సహాయకురాలు. చేసే పని కూర్చోవడం. ఎవరి చేతిలోనో నలిగిపోయిన ఆడవాళ్ళు ఈ రెండో అంతస్తు మెట్లెక్కి వస్తారు. లోపలిగదిలో వాళ్ళతో మాట్లాడి, వాళ్ళ చేత మాట్లాడించే కౌన్సిలరు వేరే ఉంది. ఆ మాటలకి ముందూ తర్వాతా ఉండేది పెద్దమ్మ. ఆసుపత్రి వరండాలో, స్టేషను బల్లమీద, కోర్టు నడవాలో వాళ్ళ పక్కన కూర్చుంటుంది. ఏం జరిగిందని మాత్రం అడగదు. అడిగేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. జీతమిచ్చి కూర్చోబెట్టే ఉద్యోగం రావాలంటే రాసిపెట్టి ఉండాలి అత్తయ్యగారూ అని అల్లుడు ఒకసారి నవ్వితే ఆవిడ కూడా నవ్వేసింది. ఊరికే కూర్చుంటే నడుం ఎలా విరుగుతుందో కూర్చున్నవాళ్ళకే తెలుసు.

ఈమధ్య ఆవిడకి బాగా అలసటగా ఉంటోంది. మోకాళ్ళు సరే, యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు, వాటి మాట వాటిని చెప్పుకోనివ్వాలి. ఈ అలసట వేరు. ఇంటికి చేరేసరికి మాట మాట్లాడాలంటే విసుగు. భర్త బస్సుడిపోలో మెకానిక్కుగా చేసి మానేసిన మనిషి, ఇంజన్ల మోతకి ఒక చెవి ఎప్పుడో పోయింది. ఆ చెవి పక్కన కూర్చుని చెప్పుకోవే, నీకు బరువు దిగుతుంది, నాకు వినపడదు అని వేళాకోళం చేస్తాడు. ఆవిడ ఆ చెవిలో కూడా ఏమీ వెయ్యలేదు. నీ నోరు ఇనప్పెట్టె అని, టీ కలిపి ఇచ్చి ఊరుకుంటాడు.

సంస్థకి నియమాలు బోలెడు ఉన్నాయి గానీ ఆవిడ నరనరానా ఇంకినది ఒకటే. ఇక్కడికి వచ్చినవాళ్ళు బయట ఎదురైతే వాళ్ళు మనకి తెలియదు. వాళ్ళంతట వాళ్ళు పలకరిస్తే పలకాలి, మనం ముందు పలకరించకూడదు. తొమ్మిదేళ్ళ కిందట ఒక బట్టల దుకాణంలో ఆవిడ ఈ నియమం తప్పింది. ఒకప్పుడు రోజూ తన పక్కన ముడుచుకుని కూర్చున్న పిల్ల, చంటిబిడ్డనెత్తుకుని నవ్వుతూ కనపడేసరికి ప్రాణం ఆగక, బాగున్నావా తల్లీ అని నోరు జారింది. పక్కనున్న అత్తగారు ఎవరావిడ అని అడిగింది. పిల్ల నాకు తెలియదంది. దుకాణంలో వేరే ఎవరో, అయ్యో ఆవిడ ఫలానా చోట పనిచేస్తుంది కదండీ అని ఉన్నమాట చెప్పేశారు. రెండు నెలలకి ఆ పిల్ల బిడ్డతో, పెట్టెతో మళ్ళీ ఈ మెట్లెక్కింది. పెద్దమ్మని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. ఆ రోజు నుంచి పెద్దమ్మ ఆ నియమాన్ని ఇంకో రెండు చుట్లు బిగించింది. వీధిలో తలెత్తి నడవదు. కూరగాయల బండి దగ్గర కూడా కూరగాయల్నే చూస్తుంది. కళ్ళు నెత్తికెక్కాయి అంటారు ఇరుగుపొరుగు. నిజానికి ఆ కళ్ళు నేల వదిలి తొమ్మిదేళ్ళయింది.

ఇవాళ మిషనమ్మాయి కేసు. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేసిన పిల్ల, ఇరవై రెండేళ్ళది. కేసు ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు మీద. తల్లి ఒకే ఒక్కసారి వచ్చి, గుట్టుగా సర్దుకుపోదామంది. పిల్ల వినలేదు. తల్లి మళ్ళీ రాలేదు. సంస్థ మేడగదిలో ఎనిమిది నెలలుంది, అక్కడ మూలపడిన పాత మిషను తనే విప్పి బాగుచేసుకుంది, అందుకే ఆ పేరు. రెండు నెలల కిందట వేరే కుట్టుపనిలో చేరి, తోటిపనమ్మాయి ఒకతెతో కలిసి అద్దెగదిలోకి మారింది. సాక్ష్యం మూడుసార్లు వాయిదా పడింది. ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి అవతలి వకీలుకి జ్వరం, ఒకసారి ఫైలు దొరకలేదు. ఈసారి సాక్షి రాకపోతే కేసు మూసేస్తారని సర్కారు వకీలు ముందే చెప్పాడు. వస్తానంది పిల్ల. ఒక్కటే షరతు, పెద్దమ్మ తనకి కనపడేలా కూర్చోవాలి. పదింటికి కోర్టు గేటు దగ్గర కలుసుకోవాలని మాట.

పది నిమిషాల ముందే పెద్దమ్మ కోర్టు స్టాపులో బస్సు దిగింది. దిగుతూనే పిల్ల కనపడింది. పక్కన ఎవరో అమ్మాయి ఉంది, పెద్దమ్మ ఎప్పుడూ చూడని మొహం. పిల్ల ఆవిడని చూసి చెయ్యి సగం ఎత్తింది. పెద్దమ్మ కళ్ళు వాటంతటవే బస్సు నంబర్ల బోర్డు మీదికి వెళ్ళిపోయాయి. ఇద్దరి ముందు నుంచి, ఎన్నడూ ఎరగని మనిషిలా నడిచి వచ్చేసింది. గేటు చేరాక మనసులో కాస్త తృప్తి కూడా పడింది. పని పనిలా చేశాననుకుంది.

పదయింది. పదింబావు అయింది. పదిన్నరకి సర్కారు వకీలు బయటికి వచ్చి, ఏదమ్మా మీ పిల్ల అన్నాడు. వస్తుందండి, బస్టాపులో చూశాను అంది. అనగానే ఆ సగం ఎత్తిన చెయ్యి కళ్ళముందు ఆడింది. వాళ్ళంతట వాళ్ళు పలకరిస్తే పలకాలి. అది కూడా నియమమే. బిగించడంలో పడి ఆ సగం మరిచేపోయింది. పెద్దమ్మ కాస్త ఆపండి బాబూ అని వకీలుని బతిమాలింది. నా చేతిలో ఏముందమ్మా, మనది నాలుగో కేసు, పిలిచేలోగా ఉండాలి అన్నాడు అతను.

మోకాళ్ళు మొరాయిస్తున్నా ఎంత వేగంగా నడవగలదో అంత వేగంగా నడిచింది. స్టాపులో పిల్ల బల్ల చివర కూర్చుని ఉంది, సంచి ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని. ఇందాక పక్కనున్న అమ్మాయి, గదిలో తోడుండే ఆ తోటిపనమ్మాయి, నిలబడి, ఏమైందే, ఏదో పనుందని తోడు తెచ్చి ఇక్కడ కూలబడ్డావు, ఎక్కే బస్సేదో చెప్పవే అని అడుగుతోంది. పెద్దమ్మ వెళ్ళి పిల్ల పక్కన కూర్చుంది. ఊపిరి అందేదాకా మాట్లాడలేదు.

"ఇందాక నిన్ను చూశాను," అంది. "చూసే చూడనట్టు పోయాను. నీ పక్కన తెలియని మనిషి ఉందని. నువ్వు చెయ్యెత్తావు, నేను పలకాల్సింది. తప్పు నాదేనమ్మా."

పిల్ల తలెత్తలేదు. "మొన్న మార్కెట్లో మా అమ్మ కనపడింది పెద్దమ్మా. నన్ను చూసి రోడ్డు దాటి అటువైపు వెళ్ళిపోయింది. మీరు కూడా అంతేననుకున్నాను."

 దానికి జవాబు చెప్పే తెలివి పెద్దమ్మకి లేదు, కౌన్సిలరుకి ఉంటే ఉండొచ్చు. ఆవిడకి తెలిసిందల్లా లేచి వెళ్ళకపోవడం. లేవలేదు. ఒక బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

"ఎవరే ఈవిడ?" అంది తోటిపనమ్మాయి.

పెద్దమ్మ పెదాలు బిగించుకుంది. అది ఆవిడ చెప్పే మాట కాదు. పిల్ల చాలాసేపు సంచి పట్టీ మెలిపెడుతూ కూర్చుంది. కోర్టులో ఎక్కడో నాలుగో కేసు మూడో కేసయిపోతూ ఉంటుందని, రెండోదవుతూ ఉంటుందని పెద్దమ్మకి తెలుసు. తొందరపెట్టలేదు.

"మా పెద్దమ్మ," అంది పిల్ల చివరికి. తర్వాత మొహం ఎత్తి, ఒక్క గుక్కలో చెప్పేసింది. "నేను ఇదివరకు పనిచేసిన ఫ్యాక్టరీలో ఒకడు నన్ను పాడుచేశాడు. వాడిమీద కేసు పెట్టాను. ఇవాళ సాక్ష్యం. సెలవులన్నీ దీనికే."

తోటిపనమ్మాయి వంగి పిల్ల ఒళ్ళోంచి సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకుంది. "పిచ్చిమొహమా, ఇంత మోస్తూ నాతో ఒక్క మాట అనలేదా. పద, టైమవుతోంది," అంది.

వాళ్ళు నడవాలోకి అడుగుపెడుతుండగా బంట్రోతు పిల్ల పేరు పిలుస్తున్నాడు, రెండోసారి.

సాక్ష్యం మూసిన గదిలో. సాక్షికి తోడుగా ఒక్కరే ఉండొచ్చు. పెద్దమ్మ కుర్చీ కిటికీ పక్కన వేశారు. పిల్లకీ ఆ సూపర్‌వైజరుకీ మధ్య తెర ఉంది, తెర అంచు దాటి చూస్తే పిల్లకి పెద్దమ్మ మొహం కనపడుతుంది. ఇక్కడ కూర్చోవడం చాలా కష్టమైన పని. తల ఊపకూడదు, ఊపితే నేర్పించి తెచ్చారంటారు. కళ్ళు తుడుచుకోకూడదు. అలాగని బొమ్మలా ఉండకూడదు, పిల్లకి అక్కడ బతికున్న మనిషి కావాలి. అవతలి వకీలు ఆ రోజు ఏ బట్టలు వేసుకున్నావని అడిగాడు. అరవలేదేమని అడిగాడు. మర్నాడు మళ్ళీ పనికెలా వెళ్ళావని అడిగాడు. జడ్జిగారు ఒకసారి అతన్ని ఆపారు, రెండుసార్లు ఆపలేదు. పిల్ల గొంతు పోయినప్పుడల్లా తెర అంచు వైపు చూసింది. చూసినప్పుడల్లా పెద్దమ్మ అక్కడే ఉంది. మధ్యలో ఒక అరగంట భోజన విరామం తప్ప, నాలుగు గంటల పాటు అలాగే ఉంది. మోకాళ్ళ కింద కాళ్ళున్న సంగతి కూడా తెలియలేదు. పిల్ల అన్నిటికీ జవాబు చెప్పింది. వాడు పట్టుకున్న చెయ్యి ఏదని అడిగితే, చూపించమంటే, చూపించింది.

బయటికి వచ్చాక ఇద్దరూ నడవా చివరి బల్లమీద కూలబడ్డారు. తోటిపనమ్మాయి సంచి పిల్లకి అందించి, మంచినీళ్ళు తెస్తానని వెళ్ళింది. గుమాస్తా హాజరు సంతకం పెట్టాలని పిల్లని కోర్టు కాగితం అడిగాడు. అది దొరక్క సంచిలోవన్నీ తీసి బల్లమీద పెట్టింది, కాగితం ఇచ్చింది, మళ్ళీ లోపల వేసుకుంది. తీర్పుకి ఇంకా నెలలు పడుతుందని, ఫోను చేసి చెప్తానని సర్కారు వకీలు వెళ్తూ వెళ్తూ అన్నాడు.

తోటిపనమ్మాయి వాళ్ళ అక్కకి వేరే ఊళ్ళో కుట్టుపని కేంద్రం ఉందట. ఇద్దరూ రేపు పొద్దున అక్కడికి వెళ్ళిపోతున్నారట. సాక్ష్యం అయ్యేదాకా అని పిల్ల ఆగిందట. ఇదంతా నేలకేసి చూస్తూ చెప్పింది. మంచిదమ్మా అంది పెద్దమ్మ. సామాను సర్దడానికి రానా అనబోయింది.

"ఒక మాట చెప్తే కోపం రాదు కదా," అంది పిల్ల.

"చెప్పు."

"మనం ఇంక కలవొద్దు పెద్దమ్మా. మిమ్మల్ని చూస్తే మీరొక్కరే గుర్తురారు, అన్నీ వస్తాయి. ఎప్పుడైనా, ఎక్కడైనా కనపడితే, ఇవాళ పొద్దున చేసినట్టే చెయ్యండి. నేను కూడా చెయ్యెత్తను."

"అలాగేనమ్మా," అంది పెద్దమ్మ.

ఇది కొత్త కాదు. వచ్చినవాళ్ళందరూ ఏదో ఒక రోజు రావడం మానేస్తారు. మానెయ్యాలి కూడా, మానేస్తేనే పని అయినట్టు. కానీ ఎవరూ ఇలా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పరు. ఇంత కాలం పనిచేసినా ఇది తగలకుండా ఉండే విద్య ఆవిడకి పట్టుబడలేదు, చాలా గట్టిగా తగిలింది. పిల్ల ఒక్క క్షణం ఆవిడ భుజానికి తల ఆనించింది. ఆ తల ఎంత బరువుందో అప్పుడు తెలిసింది. తర్వాత లేచి, ఎదురొస్తున్న తోటిపనమ్మాయితో కలిసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు.

పెద్దమ్మ కాసేపటికి లేవబోతూ బల్లమీద చెయ్యి ఆనిస్తే ఏదో తగిలింది. తలుపు కింద దూర్చే చెక్కముక్క. మేడగదిలో ఉన్నన్నాళ్ళూ పిల్ల గడియ పెట్టుకున్నాక దాన్ని తలుపు కింద పెట్టి కాలితో తన్నేది, ఆ చప్పుడు అయితేనే నిద్రపోయేది. ఊళ్ళో వడ్రంగిని అడిగి చెక్కించుకుంది. అద్దెగదికి మారాక కూడా సంచిలో వేసుకునే తిరుగుతోంది. కాగితం కోసం వెతుకుతూ బయటపెట్టి మరిచిపోయిందో, ఇంక అక్కర్లేదని వదిలేసిందో. పెద్దమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. గేటు అవతల, తిరుగు బస్సులు ఆగే చోట, ఇద్దరమ్మాయిలు నిలబడి ఉన్నారు. కేకేస్తే వినపడేంత దూరమే. పిల్ల కొత్త ఊళ్ళో, కొత్త గదిలో, రేపు పడుకునే వేళకి వెతుక్కుంటుందేమో. వెతుక్కోదేమో. అడగడానికి వీల్లేదు. మాట ఇచ్చింది. బస్సు వచ్చింది, ఇద్దరూ ఎక్కారు.

ఇంటికి వచ్చేసరికి భర్త టీ కలిపి ఉంచాడు. ఆవిడ చేతిసంచిలోంచి చెక్కముక్క తీసి బల్లమీద పెట్టి కూర్చుంది.

"ఏంటది?" అన్నాడు.

"ఒకమ్మాయిది."

ఇన్నేళ్ళలో తన పని గురించి ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. అతను కుర్చీ కాస్త జరుపుకుని, వినపడే చెవి ఆవిడ వైపు తిప్పి కూర్చున్నాడు. ఆవిడ ఇంకేమీ చెప్పలేదు. టీ చల్లారేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. మధ్యలో బల్లమీద అరచేతిలో పట్టేంత చెక్క, పల్చటి అంచు నేలకి రాసుకుని తెల్లబడి ఉంది, మందంగా ఉన్న వైపు కాలి మడమంత మేర నున్నగా నొక్కుకుపోయి ఉంది.