తిత్తి తొక్కే మనిషి

ద్వీపం చర్చిలో ఆర్గాన్ వాయించేది గుడ్వేగ్. దానికి గాలినిచ్చే తిత్తి తొక్కేది మొగుడు ఆస్‌బ్యోర్న్. ఆమెది నిప్పు తొక్కిన కోతి తొందర, అతనిది నత్తనడక. ప్రతి పాటా సగంలో గాలి చాలక మూలిగేది. "ఈ మనిషిని మార్చు తండ్రీ" అని ముప్పై ఏళ్లు పైకే ప్రార్థించి, విసిగి, ఈ ఆదివారం తనే మార్చేసింది. తిత్తి తొక్కడానికి తనంత చురుకైన చెల్లెల్ని నిలబెట్టింది.

పాట గుర్రంలా పరుగెత్తింది. ముసలివాళ్లు రెండో చరణంలో ఉండగానే ఆమెన్ అయిపోయింది.

బయట కాఫీ దగ్గర ముసలి తూరిద్ పట్టుకుంది. "ఏమే, ఇవాళ దేవుడికి పడవ అందుకునే టైమైందా?"

"నా చేతులు ఆగవు పిన్నీ. దేవుడు నన్నిలాగే చేశాడు."

"మరి ఆ నిదానపు మనిషిని చేసిందెవరే? నీ పక్కన పెట్టిందెవరు?"

గుడ్వేగ్ కప్పు పెట్టేసి లోపలికి వెళ్లింది. ఆస్‌బ్యోర్న్ ఇంకా కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

"వచ్చే వారం తిత్తి నువ్వే తొక్కాలి."

అతను మూడో గుండీ పెట్టాడు, నాలుగోదీ పెట్టాడు. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె జవాబు కోసం ఆగింది.

"తొక్కుతాలే. ముప్పై ఏళ్లుగా నేనూ ప్రార్థిస్తున్నా, నిన్ను మార్చమని. పాపం, దేవుడు మాత్రం ఎవరి మాట వింటాడు?"