గుండీలు లేని కోటు

ఉదయం ఏడుంపావుకి నర్సు ఆస్పత్రి వరండా ఊడ్చి, చెత్తలోంచి గుండీలు ఏరి డబ్బాలో వేసింది. ముందురోజు రోగులు ఎక్కువ. మందులు వేళకి వేసుకుంటున్నామనే అందరూ చెప్పారు.

ఆస్పత్రిలో ఉంటున్న బొంగరం అనే పిల్ల ముందు అబద్ధమాడితే ఆడినవాళ్ళ గుండీ ఒకటి ఊడిపడుతుంది. వానాకాలంలో గొడుగు పట్టుకెళ్ళినట్టు, ఆస్పత్రికి వచ్చేవాళ్ళు సూదీ దారం తెచ్చుకునేవారు. నిమిషం కుదురుగా ఉండదని ఆ పిల్లకి బొంగరం అని పేరుపెట్టింది నర్సే. ఆరేళ్ళుంటాయి. నెల కిందట వరండా బల్ల కింద దొరికింది, కుడికాలికి మాత్రమే చెప్పుతో. ఊరు చెప్పలేదు, అమ్మ పేరూ చెప్పలేదు.

నర్సు మిషన్ తరఫున పరాయి దేశం నుంచి వచ్చిన వైద్యబృందంలో మనిషి. ఆదివారం ఆ బృందం తిరిగి వెళ్ళిపోతుంది. ఈలోగా ఇల్లు దొరక్కపోతే పిల్ల నగరంలోని అనాథాశ్రమానికే. అక్కడ ఎవరు అడిగితే వాళ్ళకి పిల్లల్ని ఇచ్చేస్తారని నర్సు అనుమానం. ఆవిడకి అనుమానం లేని మనిషంటూ లేడు. ఎదురు కొట్టు దర్జీ మీద మరీను. పిల్ల వచ్చాక దర్జీకి గుండీల బేరం పెరిగింది. పైగా రోజూ ఏదో వంక పెట్టుకుని వచ్చి పిల్లకి జడ వేసిపోతుంది.

"ఆవిడ ప్రేమంతా బేరం మీదే" అంది నర్సు.

"మీకు అందరిమీదా అనుమానమే సిస్టర్. నాకు ఎవరిమీదా లేదు" అన్నాడు ఆ ఊరి డాక్టరు. పక్కనే బొంగరం గంతులేస్తోంది. ఆయన చొక్కా గుండీ టక్కున రాలింది.

శుక్రవారం ఒక జంట వచ్చింది.

"మా చెల్లెలి కూతురండీ" అన్నాడు మగాయన. "కాళ్ళరిగేలా వెతికాం."

భార్య కళ్ళు తుడుచుకుంది. డాక్టరు కరిగిపోయాడు. నర్సు మాత్రం వాళ్ళ బట్టలు చూసింది. మండుటెండలో ఇద్దరికీ మెడదాకా జిప్పు ఉన్న కోట్లు. ఒంటిమీద ఎక్కడా గుండీ లేదు. బొంగరం నర్సు వెనక్కి చేరి కదలకుండా నిలబడింది.

"పిల్ల దగ్గరికి రావాలంటే మా తెల్లకోటు వేసుకోవాలండీ. ఇక్కడి రూలు" అంది నర్సు. అలాంటి రూలేమీ లేదు. రాలిన తన గుండీని ఆవిడ కాలికింద తొక్కిపట్టింది.

ఆయన జిప్పు కోటు తీసి తెల్లకోటు వేసుకోక తప్పలేదు. గుండీలన్నీ నర్సే దగ్గరుండి పెట్టింది.

"ఇప్పుడు చెప్పండి. ఎవరి పిల్ల?"

ఆయన గుండీల వంక చూసుకున్నాడు. "కాస్త మంచినీళ్ళిస్తారా? గొంతు పట్టేసింది."

పై గుండీ ఊడి నేలమీద దొర్లింది.

"కాయితాలు తీసుకుని మళ్ళీ వస్తాం" అంటూ భార్య ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. తెల్లకోటు గుమ్మంలోనే వదిలేసి పోయారు.

మర్నాడు దర్జీ జడ వేస్తుంటే నర్సు ఇక ఆగలేకపోయింది.

"సూటిగా అడుగుతున్నా. ఈ పిల్లని తీసుకుపోదామనేగా?"

"నాకెందుకు నర్సమ్మా ఈ గోల? నా బతుకు నాకే భారం."

గుండీ పడింది. దర్జీ మొహం గంటుపెట్టుకుంది.

"అయితే కావాలన్నమాట. బేరం కోసం."

"అవును, బేరం కోసమే! ఇంకెందుకనుకున్నావు?"

ఇంకో గుండీ పడి బల్ల కిందికి పోయింది.

బొంగరం సగం అల్లిన జడతోనే బల్ల కింద దూరి, రెండు గుండీలూ ఏరి దర్జీ చేతిలో పెట్టింది.

"కుట్టుకో అత్తా" అంది. వచ్చినప్పటినుంచీ ఆ పిల్ల ఒకరిని వరసపెట్టి పిలవడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే డాక్టరు శిశు సంక్షేమ అధికారిని పిలిపించి పిల్లని దర్జీకి అప్పగించాడు. ఆదివారం నర్సు విమానమెక్కింది.

పదిరోజుల తర్వాత సొంత ఊళ్ళో ఉన్న నర్సుకి డాక్టరు ఫోన్ చేశాడు. ఆ జంట సరిహద్దు దగ్గర పట్టుబడింది. వ్యాన్‌లో ఇద్దరు పరాయి పిల్లలున్నారు. సీటు కింద మగవాళ్ళ కోటు ఒకటి దొరికింది. దానికి ఒక్క గుండీ కూడా మిగల్లేదు. జేబులో చిన్నపిల్ల చెప్పు ఉంది, ఎడమకాలిది.