ఉస్తాద్ వేసిన బ్రేకు

హసన్‌పర్తి దారిలో గట్టయ్య షెడ్డుకు బోర్డు లేదు, దాని అవసరమూ రాలేదు. లారీ బ్రేకు జారుతోందంటే చుట్టుపక్కల డ్రైవర్లందరూ అక్కడికే తోలుకొచ్చేవారు. ముప్పై ఏళ్ళుగా ఆయన పద్ధతి ఒకటే. పని ముగియగానే బానెట్ మీద రెండుసార్లు చరిచి, "ఇగ తీస్కపో" అనేవాడు. ఆ మాట తర్వాత బండిని మళ్ళీ చూడడం ఆ షెడ్డులో లేదు. చూస్తే ఉస్తాద్‌ను అనుమానించినట్టే లెక్క. పైకి ఇది గురుభక్తిలా ముచ్చటగానే కనిపిస్తుంది. అందులో ఎంత ముప్పు దాగి ఉందో 1983 వేసవిలో ఒక ఉదయం బయటపడింది.

ఆ ఉదయం కిషన్ రావు సేటు లారీ షెడ్డులో బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే కుటుంబాలవారు నలభై మంది, మొక్కు తీర్చుకోవడానికి అందులో పాలకుర్తి వెళ్ళాలి. అప్పటికే మూటాముల్లెలతో వచ్చి రోడ్డు పక్కన కూర్చున్నారు. సరుకు లారీలో మనుషులు ఎక్కడం తప్పు కాదా అని మీరు అడగవచ్చు. తప్పే. కానీ బస్సు రాని చోట జనం ఏం చేస్తారో మనందరికీ తెలుసు.

ఆ లారీ బ్రేకులు గాలితోనూ ఆయిల్‌తోనూ పనిచేసేవి. డ్రైవరు పెడలు తొక్కితే ట్యాంకులోని గాలి ఒక పిస్టన్‌ను నెడుతుంది. అది బ్రేకాయిల్‌ను నెడితే చక్రాలు ఆగుతాయి. ఆయిల్ వెనక్కి జారకుండా కాపలా కాసేవి అరచేతిలో ఇమిడే రబ్బరు కప్పులు. ముందురోజు ఆదివారం గట్టయ్యే స్వయంగా కొత్త కప్పులు వేశాడు.

ఆయన బానెట్ చరచబోతుండగా ప్రభుదాసు ఎదురొచ్చాడు. పన్నెండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న రెండో మేస్త్రీ అతను. ఆదివారం చర్చికి పోయినందువల్ల ఆ పనిలో లేడు. నెల క్రితం హైదరాబాదులో మూడు వారాల శిక్షణ పొంది, వస్తూ వస్తూ ఆయిల్ ఒత్తిడి చూపే మీటరొకటి తెచ్చుకున్నాడు.

"ఉస్తాద్, జర ఆగు. ఒక్కసారి మీటరు పెట్టి చూస్త."

గట్టయ్య మొహం కందగడ్డ అయింది. "ఏందిరా? నా చేతికే పరీక్ష పెడ్తానవా?"

"నీ చేతికి గాదు ఉస్తాద్, రబ్బరుకు."

"మంచిది, పెట్టు. ముల్లు గిట్ల కిందికి దిగకపోతే నీ పానాలు, రెంచీలు సర్దుకొని ఇంకో షెడ్డు చూస్కో."

ఇద్దరు పిల్లల తండ్రి ప్రభుదాసు. అయినా చేతిలోని మీటరు వదల్లేదు. "అట్లనే ఉస్తాద్" అన్నాడు.

కిషన్ రావు గడియారం చూసుకుంటూ చిందులు తొక్కాడు. రోడ్డు పక్కనుంచి మల్లక్క అనే ముసలామె కలగజేసుకుంది. "చూడనియ్యి సేటు. జర ఆలిశమైతే దేవుడేం గుడికి తాళమేసుకొని పోతాండా?" అందరూ నవ్వారు. సేటు పక్కకు జరిగాడు.

ప్రభుదాసు పైపుకు మీటరు బిగించాడు. డ్రైవర్ సారంగపాణి ఇంజను నడిపి, ట్యాంకు నిండా గాలి పట్టాక ఆపేసి, పెడలు తొక్కి పట్టాడు. ముల్లు ఠక్కున లేచి నిలబడింది. ఒక నిమిషం గడిచింది. గట్టయ్య మీసం మీద చెయ్యి వేశాడు. రెండో నిమిషం కూడా గడిచింది. మూడో నిమిషంలో ముల్లు వణికింది, మెల్లగా సగానికి దిగజారింది.

"క్యాబిన్ల ఉన్న గాలి మీటరు కదల్లేదు ఉస్తాద్. జారుతాంది ఆయిలే" అన్నాడు ప్రభుదాసు.

విప్పి చూస్తే కొత్త రబ్బరు కప్పులు ఉబ్బిపోయి ఉన్నాయి. ఒకదాని అంచు చిట్లింది. ప్రభుదాసు వాసన చూశాడు. "కిరసనాయిల్ల కడిగినవా?"

"ఎప్పుడైనా అన్ని అండ్లనే కడుగుత గద!"

"ఇనుముకైతే మంచిదే ఉస్తాద్. రబ్బరు దాన్ని తాగి ఉబ్బుతది. వీటిని బ్రేకాయిల్‌తోనే కడగాలె. ట్రైనింగుల మొదటిరోజే చెప్పిండ్రు."

"మరి ఇన్నేండ్లు ఏం గాలేదేందిరా?" అడిగాడు గట్టయ్య.

ఆ ప్రశ్నకు జవాబు సారంగపాణి చెప్పాడు. "అయినయి ఉస్తాద్. బ్రేకు వడకపోతే జనం డ్రైవర్లనే కొట్టిండ్రు. తాగి తోలినమన్నరు. నీ పని మీద ఎవనికి అనుమానం రాలే, మాక్కూడ రాలే."

గట్టయ్య అక్కడే రాతి మీద కూలబడ్డాడు. మనసులో ఎన్ని బండ్లు తిరిగాయో, ఎందరు డ్రైవర్లు కళ్ళ ముందు నిలిచారో ఆయనకే తెలియాలి. తన పనితనం మీద పెంచుకున్న గర్వం ఆయనకు ఆ క్షణంలో సిగ్గుగా మారింది. అయితే ఆ సిగ్గును దాచుకోలేదు. అదే ఆయన గొప్పతనం.

ప్రభుదాసు కొత్త కప్పులను బ్రేకాయిల్‌తో కడిగి వేసి, ఆయిల్ పైపుల్లో చేరిన గాలి తీసేసి, మళ్ళీ మీటరు పెట్టాడు. ఈసారి పది నిమిషాలైనా ముల్లు చెక్కు చెదరలేదు. కొత్తవాడవాళ్ళు నిశ్చింతగా లారీ ఎక్కారు.

గట్టయ్య మాత్రం కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "పోయిన వారంల ఇంకో రెండు బండ్లకు నేనే కప్పులేసిన. ఒకటి జనగామల ఉంటది, ఇంకోటి నర్సంపేటల. నేను పోయి ఆపుత. నువ్వు సామాను పట్టుకొని ఎనకనే రా."

కిషన్ రావు విస్తుపోయాడు. "ఊరూరు తిరిగి నీ తప్పు నువ్వే చెప్పుకుంటవా గట్టయ్యా? నీ పేరేం గావాలె?"

అక్కడున్న అందరికీ వినిపించేలా గట్టయ్య అన్నాడు: "పేరు పోతే పోనీ సేటు, మళ్ళ సంపాయించుకుంట. పెద్దోని పనిని చూడొద్దనే అదబు, మర్యాదలతోని ఇన్నేండ్లు మనుషుల పాణాలతోని ఆడుకున్నం. ఇయ్యాల్టి సంది నేను చేసిన పనైనా సరే, ఇంకొకడు పరీక్ష చేసినంకనే బండి రోడ్డెక్కాలె."