తిరగేసిన సీసాలు

"నెలాఖరుకల్లా సర్టిఫికెట్ ఉండాలి" అని ఆసుపత్రి ఫార్మసీ పెద్దమేడం అన్న మాట, ఆవిడ మూతికున్న మాస్కు దాటి, గాజు కిటికీ దాటి, ఫ్రిజ్ రొద దాటి లెక్కలక్క చెవిలో పడేసరికి "నెలాఖరుకల్లా సర్ది పెట్టి ఉండాలి" అయి కూర్చుంది. నెలాఖరు దాకా ఎందుకు, ఈ పూటకల్లా పెట్టేద్దాం అనుకుని తెల్లకోటు చేతులు పైకి మడిచింది లెక్కలక్క.

ఆసుపత్రి అడుగున, కిటికీలు లేని మందుల గది అది. నాలుగు అల్మరాలు, ఆరువందల పన్నెండు సీసాలు. ఒక్కొక్కటీ తుడిచి, చీటీ ముందుకు తిప్పి, మూత పైకి ఉండేలా నిలబెట్టేసరికి మధ్యాహ్నం మూడయింది. పెద్దమేడం వచ్చి చూసి, ఇదంతా ఏమిటని అడిగింది.

"మీరేగా మేడం, సర్ది పెట్టమన్నారు."

మాత్రలు లెక్కపెట్టే మిషన్ దగ్గర కూర్చునే మిషన్ తమ్ముడు నవ్వలేక దగ్గాడు. "అక్కా, మేడం అడిగింది సర్టిఫికెట్. నువ్వేమో సర్ది, ప్యాకెట్ కట్టేశావు."

అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఇరవై రెండేళ్ళుగా మాత్రలు లెక్కపెడుతున్నది కాబట్టే ఆమె లెక్కలక్క అయింది, కానీ కొత్త నిబంధనలో ఆ ఏళ్ళు లెక్కలోకి రావు. పట్టా ఉన్నవాళ్ళు పట్టాలెక్కుతారు. అంటే, ఒక టెక్నీషియన్ నింపిన ట్రేని ఇంకో టెక్నీషియన్ సరిచూసి సంతకం చేస్తే అది నేరుగా వార్డుకి వెళ్తుంది. ఫార్మసిస్టులు పైకెళ్ళి రోగుల దగ్గర ఉంటారు. పట్టా లేనివాళ్ళు వెనకవైపు షెడ్డులో అట్టపెట్టెలు విప్పుకుంటారు. ముప్ఫై ఏళ్ళ మిషన్ తమ్ముడికి పట్టా ఉంది. లెక్కలక్కకి అనుభవం ఉంది. అనుభవానికి ఫ్రేము కట్టించడం కుదరదు.

"రాతపరీక్ష ఒకటి, చేతిపని పరీక్ష ఒకటి" అంది పెద్దమేడం. "చేతిపని సంగతి నేను చూసుకుంటా. మీరు చదవండి. ఈ నెలంతా మీ ట్రేలు ప్రతీదీ నేను చూశాకే పైకెళ్తాయి."

మూడో రోజు పొద్దున ఏడింటికి గది తలుపు తీసి లైట్లు వేసింది లెక్కలక్క. ట్యూబులైట్లు రెండుసార్లు కొట్టుకుని వెలిగాయి. రెండో అల్మరా, మూడో వరస. నిలబెట్టిన సీసాల మధ్య ఒకటి తలకిందులుగా ఉంది.

సీసా పక్కకి పడితే గాలికనుకోవచ్చు, ఎలుక అనుకోవచ్చు. ఇది పడలేదు. మూత మీద నిటారుగా నిలబడి ఉంది. అలా నిలబెట్టే మనిషి ఈ గదిలో ఒక్కడే ఉండేవాడు. ఆయన పోయి ఏడు నెలలయింది.

పెద్దాయన ఆమెకి పని నేర్పిన టెక్నీషియన్. నేర్పాడంటే నోటితో కాదు. ఆయన నోరు విప్పడం మాత్రల సీసా విప్పినంత సులువు కాదు. ఇరవై ఏళ్ళకు పైగా పక్కన నిలబడి చూసి నేర్చుకుంది. ప్లాస్టిక్ బద్దతో అయిదేసి మాత్రలు జరుపుతూ జరుపుతూ ఆయన ఒక్కోసారి "ఊఁ" అనేవాడు. ఆ సీసాని తలకిందులు చేసి అల్మరాలో పెట్టేవాడు. అనుమానం ఉంది, తర్వాత చూడాలి అని దానర్థం. చీటీలు ముందుకే ఉండాలన్న కొత్త రూలు వచ్చాక ఆ అలవాటుని మేడం మాన్పించింది. ఆయనా మానేశాడు, కొన్నాళ్ళకి ఊపిరి కూడా.

లెక్కలక్క సీసా మూత తీసింది. చీటీ మీద అయిదు. లోపలున్నవి పది మిల్లీగ్రాములవి.

పెద్ద డబ్బాల్లోంచి ఈ సీసాలు నింపేది తనే. తప్పు తనదే. పరుగున పెద్దమేడం దగ్గరికి వెళ్ళింది. "నిన్నటి ట్రేలు పైకెళ్ళిపోయాయా మేడం?"

"అన్నీ సరిచూసే పంపాను" అంది ఆవిడ తలెత్తకుండా. "తప్పుల పుస్తకంలో రాయండి."

రాసింది. సీసా సంగతి రాసింది గానీ, అది తలకిందులుగా ఉన్న సంగతి రాయలేదు. ఏమని రాస్తుంది?

తర్వాత రెండు రోజులకి ఇంకోటి. ఆ వారంలోనే మరో రెండు. తలకిందులుగా ఉన్న ప్రతి సీసాలోనూ ఒక తప్పు. ఒకదానిలో ఒకేలాంటి తెల్లమాత్రలు, కానీ మధ్యలో గీత లేనివి. ఇంకోదానిలో గడువు దాటినవి. సాయంత్రం నాలుగింటికి ట్రేలు పైకెళ్ళాలి కాబట్టి మధ్యాహ్నమంతా గదిలో ఊపిరాడని హడావుడి. చేతులు సీసాలు తీస్తూ పెడుతూ ఉంటాయి, ఎవరూ ఎటూ చూడరు. పొద్దున తలుపు తీస్తే మాత్రం, ఎవరో ఆమె పని దిద్ది పెట్టినట్టు, సీసా తలకిందులుగా నిలబడి ఎదురుచూస్తూ ఉండేది.

"తమ్ముడూ, ఆ సీసాలు నువ్వు తిప్పుతున్నావా?" అని అడిగింది ఒకరోజు.

"నేను మిషన్ తిప్పడానికే తీరిక లేదు, సీసాలెందుకు తిప్పుతాను?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అక్కా, ఒకటి చెప్పనా? మధ్యాహ్నం పూట అల్మరాల వెనకనుంచి నాకు అప్పుడప్పుడు 'ఊఁ' అని వినిపిస్తోంది. మేడంకి చెప్పకు. నాకే మందులు రాస్తారు."

లెక్కలక్క నవ్వబోయింది. మొహం కదల్లేదు.

ఇంట్లో వంటబల్ల మీద పుస్తకాలు పరుచుకుని కూర్చునేది. పదిహేడేళ్ళ కూతురు పళ్ళు తోముకుంటూ ప్రశ్నలడిగేది. కూతురి నోట్లో నురగ, తల్లి కళ్ళల్లో నీళ్ళు.

"అమ్మా, పుస్తకం ఒకటి చెబుతుంటే నువ్వు ఇంకోటి చెబుతావేం?"

"పుస్తకం రాసినాయన ఎప్పుడైనా మాత్రలు లెక్కపెట్టాడా, కనుక్కో."

"మార్కులు వేసేది ఆయనే. పరీక్ష అంటే అంతే."

"పరీక్ష కాదే ఇది, పరిశిక్ష."

బస్సుల మెకానిక్ అయిన భర్త టీ కలుపుకుంటూ, "ఏమోయ్, ఈ చక్కెర సీసా తలకిందులుగా పెట్టిందెవరు?" అన్నాడు. తల్లీ కూతుళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆయన చెంచాడు కలిపి, గుక్క వేసి, సింకులో ఉమ్మాడు. చక్కెర సీసాలో ఉప్పు ఉంది. ముందురోజు నింపింది ఆయనే.

"మీ పెద్దాయన మనింట్లో కూడా డ్యూటీ చేస్తున్నట్టున్నాడే" అన్నాడు నవ్వుతూ. లెక్కలక్క చేతిలో పెన్ను చల్లగా తగిలింది. ఆ రాత్రి భర్త గురక పెట్టాడు, ఆమె లెక్క పెట్టింది.

నెలాఖరుకి తప్పుల పుస్తకంలో ఆమె పేరున పన్నెండు తప్పులు పోగయ్యాయి. ఇరవై రెండేళ్ళలో కలిపి అన్ని లేవు. ఇన్నాళ్ళూ తన తప్పుల్ని ఆయన పక్కన నిలబడి దిద్దేవాడేమో, ఇప్పుడు పక్కన లేకపోయినా దిద్దుతున్నాడేమో అనిపించింది. అలా అనిపించాక, తను నింపిన ప్రతి సీసా వైపూ దొంగచూపులు చూడసాగింది.

రాతపరీక్ష రోజున పొద్దున్నించి సాయంత్రం దాకా ఊరికి అటు చివర పరీక్ష హాల్లోనే ఉంది. కంప్యూటరు అక్కడికక్కడే చెప్పేసింది: అరవై వస్తే చాలు, ఆమెకి అరవై నాలుగు. ఇక మిగిలింది చేతిపని కాగితం మీద పెద్దమేడం సంతకం. దాని మీద రేపు సంతకమైతే పట్టా, లేకపోతే షెడ్డు.

మర్నాడు ఏడింటికి తలుపు తీసింది. లైట్లు కొట్టుకుని వెలిగాయి. నాలుగో అల్మరా, కింది వరస. సీసా తలకిందులుగా ఉంది.

నిన్న తను ఈ గదిలో అడుగే పెట్టలేదు.

మూత తీసి మాత్రలు ట్రేలో పోసింది. రెండు రకాలు కలిసిపోయి ఉన్నాయి, దగ్గరగా చూస్తే తప్ప తెలియనంత దగ్గర పోలిక. మొన్న సాయంత్రం దాన్ని నిండుగా, సరిగ్గా వదిలివెళ్ళింది తనే.

ఎనిమిదింటికి పెద్దమేడం కాగితం, పెన్ను పట్టుకుని వచ్చింది. "అరవై నాలుగటగా. ఇటివ్వండి, ఇదీ కానిచ్చేద్దాం."

ఊరుకుంటే సరిపోయేది. సంతకం పడేది. లెక్కలక్క కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"చెయ్యకండి మేడం. ఆ పన్నెండూ నా తప్పులే. పట్టుకున్నది మాత్రం నేను కాదు. ఎవరో సీసా తిరగేసి పెడుతున్నారు, నేను మూత తీసి చూస్తున్నానంతే. ఇవాళ ఇంకోటి ఉంది. నా తప్పులు పడుతున్నదెవరో తెలియకుండా, ఇంకొకరి ట్రే సరిచూశానని రేపు నేను సంతకం ఎలా పెట్టను?"

పెద్దమేడం పెన్ను మూత పెట్టింది. చాలాసేపు ఆమె చేతి వైపే చూసింది. తర్వాత అందర్నీ పిలిచింది: మిషన్ తమ్ముణ్ణి, ఇద్దరు ఫార్మసిస్టుల్ని, ట్రేలు మోసే ఆయన్ని. అల్మరాల పైనున్న కెమెరా బొమ్మల్ని కంప్యూటరులో తెరిచింది.

"చేతిపని పరీక్ష అంటే ఇదే. చెబితే పరీక్ష కాదు కాబట్టి చెప్పలేదు. ఆ పన్నెండు సీసాలూ నేను పెట్టినవి. భోజనాల వేళ ఒక్కొక్కటే మార్చాను. మీరు తప్పు చేయలేదు. మీరు పట్టుకోవాల్సిన తప్పులవి."

"పట్టుకున్నది నేను కాదంటున్నాగా."

"చూడండి."

తెర మీద లెక్కలక్క మాత్రలు జరుపుతోంది. కళ్ళు వార్డు చీటీ మీద ఉన్నాయి. ఆమె పెదాలు ఒక్కసారి దగ్గరికొచ్చి విడిపోయాయి. ఎడమచెయ్యి సీసాని తలకిందులు చేసి, అల్మరాలో పెట్టి, ఇంకో సీసా అందుకుంది. కళ్ళు చీటీ మీదనుంచి కదల్లేదు. ఆ చెయ్యి తనది కానట్టు చూసింది లెక్కలక్క. పన్నెండుసార్లు చూసింది. సీసా మణికట్టు మీదుగా తిరిగే ఆ తీరు పెద్దాయనదే, చిటికెనవేలు పక్కకి పెట్టడంతో సహా.

"చెయ్యి తిరిగిన మనిషని ఊరికే అంటారా?" అన్నాడు ట్రేలు మోసే ఆయన.

"ఆ రోజు మీరు పొరపాటున సర్ది పెట్టారే, అదే నాకు పనికొచ్చింది" అంది పెద్దమేడం. "ఆరువందల పన్నెండూ నిటారుగా ఉన్నాయి కాబట్టి, తర్వాత తిరిగినవేవో తేలిగ్గా కనిపెట్టాను."

మిషన్ తమ్ముడు తేలికపడ్డాడు. "అంటే ఆ 'ఊఁ' అనేది నువ్వేనా అక్కా. నెల రోజులు దడుచుకు చచ్చాను."

"మరి పదమూడోది?" అంది లెక్కలక్క.

"అది నేను పెట్టలేదు" అంది పెద్దమేడం, నిన్నటి బొమ్మలు వెనక్కి తిప్పుతూ. పది గంటలకి, వార్డు నుంచి తిరిగొచ్చిన మాత్రల్ని ఒక ఫార్మసిస్టు తొందరలో ఆ సీసాలో ఒంపేయడం కనిపించింది. ఆయన అక్కడే నిలబడి తల దించుకున్నాడు. "ఇది పరీక్ష కాదు. నిజం తప్పు" అంది ఆవిడ, ఆయనకి ఇవ్వాల్సిన డోసు తర్వాతకి దాచుకుని.

బొమ్మల్లో టైము పదకొండు ఇరవై. నిన్న మిషన్ ఆగిపోయిందట. మిషన్ తమ్ముడు చేత్తోనే లెక్కపెడుతున్నాడు. తెర మీద అతని పెదాలు దగ్గరికొచ్చి విడిపోయాయి. చీటీ మీదనుంచి కన్నెత్తకుండానే, మణికట్టు తిప్పి, చిటికెనవేలు పక్కకి పెట్టి, అతను సీసాని తలకిందులుగా అల్మరాలో పెట్టాడు. కొత్తది తీసుకున్నాడు.

మిషన్ తమ్ముడు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నేను పెద్దాయన్ని చూడనేలేదు" అన్నాడు చివరికి. "నేను చేరేసరికే ఆయన పోయాడు."

"నన్ను చూశావుగా" అంది లెక్కలక్క.

పెద్దమేడం పెన్ను మూత మళ్ళీ తీసి సంతకం చేసింది. లెక్కలక్క ఆ తలకిందుల సీసాని ఖాళీ చేసి, కడిగి, చీటీ ముందుకు తిప్పి నిలబెట్టింది. తర్వాత తప్పుల పుస్తకం తెరిచి, పదమూడో వరసలో, పట్టుకున్నది ఎవరు అన్నచోట, మిషన్ తమ్ముడి పేరు రాసింది.