మూడో సీసా

తార్నాకలో పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లు రెండు నీళ్ల సీసాలు పట్టుకెళ్తారు. ఒకటి తమకు, ఇంకొకటి యూనివర్సిటీ క్యాంపస్ బండల మధ్య పడుకునే రెక్కలపాముకు. ఊరింకా లేని రోజుల్లో, దాహంతో ఉన్న దానికి ఎవరో బాటసారి నీళ్లు పోస్తే, పక్కనే గుడిసె వేసుకోనిచ్చిందట. అప్పటినుంచీ దానికి నీళ్లు పోసినవాళ్లే తార్నాకవాళ్లు. స్టూడెంట్లు దాన్ని డ్రాగన్ అంటారు, టీషర్టుల మీద బొమ్మ వేసుకుంటారు. టిఫిన్ సెంటర్‌కీ, క్రికెట్ టీముకీ దాని పేరే.

సుగుణమ్మ టీచరు మాత్రం ఘటసర్పం అంటుంది. బైబిల్లో సాతానుకున్న పేరది. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆవిడ ఒక్క చుక్క పోసిన పాపాన పోలేదు. భర్త ఏసురత్నం రోజూ చర్చి పాటలు పాడుకుంటూ వెళ్లి మరీ పోసి వచ్చేవాడు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ పడేది కాదు.

మార్చిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు మెల్లగా స్వాధీనంలోకి వచ్చింది గానీ, మనిషికే ఆశ పోయింది. ఇప్పుడు లేచి నడవకపోతే ఇక మంచమే గతి అని డాక్టరు తేల్చి చెప్పాడు. సుగుణమ్మ బతిమాలింది, తిట్టింది, ఇంట్లో ప్రార్థన పెట్టించింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడకు భయం పట్టుకుంది.

మే నెలలో ఒక ఉదయం రెక్కలపాము వాళ్ల గేటు ముందుకొచ్చి కూర్చుంది. పాల ఆటో దాని తోకను తప్పించుకుని పోయింది.

"సార్ కోసం వచ్చినట్టున్నది మేడం. జర నీళ్లు పోయుండ్రి," అంది పక్కింటి బాలలక్ష్మి.

"ప్రకటన గ్రంథంలో దీని గురించి ఏం రాసుందో తెలుసా నీకు?"

"గదంత నాకు తెల్వది. పాపం, దూపతోని ఉన్నది."

నిజమే, దాని నాలుక పిడచకట్టుకుపోయింది. సుగుణమ్మ ప్రభువుతో ఓ మాట చెప్పుకుని, బకెట్టు నింపి తెచ్చి ముందు పెట్టింది. అది వాసన చూసి, తల తిప్పేసుకుని, ఏసురత్నం కిటికీవైపే చూస్తూ కూర్చుంది.

ముప్పై ఏళ్ల పంతం వదులుకుని తెచ్చిన నీళ్లు! ఆవిడకు ఒళ్లు మండింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"ఏవండీ! నా చేతి నీళ్లు తాగదంట. మీరే రావాలంట. ఇది దాహంతో చస్తే ఆ పాపం నాకొద్దు!"

లోపల మంచం కిర్రుమంది. చాలాసేపటికి గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ ఏసురత్నం గుమ్మంలోకొచ్చాడు. గేటు దాకా నడిచి, బకెట్టులో చెంబు ముంచి దాని నోట్లో పోశాడు. పట్టు చాలక సగం నేలపాలయింది. రెక్కలపాము మిగతాది తాగింది.

"రేపు నువ్వు రాకు. నేనే వస్తాలే," అన్నాడు దానితో.

మర్నాడు ఆయనకు చెప్పులు తొడిగి, సుగుణమ్మ రెండు సీసాలు నింపింది. గేటు దాకా వెళ్లి, వెనక్కొచ్చి ఇంకొకటి నింపింది.

"మూడోదెందుకు?" అన్నాడాయన.

"నాది. అది తాగేదాకా రోజూ తెస్తాను," అని ఆయన చెయ్యి పట్టుకుంది.