పెద్దతల్లి ఏరిన ఇంగ్లీషు

రామలక్ష్మి పదో తరగతిలో అన్ని సబ్జెక్టులూ గట్టెక్కింది. ఒక్క ఇంగ్లీషు మాత్రం మూడుసార్లు ముంచింది. లెక్కలు తప్పితే జాలిపడే ఊరు ఇంగ్లీషు తప్పితే నవ్వుతుంది. నవ్వే వాళ్లకెంత వచ్చో అడక్కండి, మర్యాదగా ఉండదు.

ఈసారి నవ్వులాట కాదు. 1998లో పలాస దగ్గరి ఆ ఉద్దానం పల్లెకి అంగన్‌వాడీ టీచరు పోస్టు పడింది. పది పాసైన ఆ ఊరి కోడలికే ఇస్తామన్నారు. పది దాకా వెళ్లిన కోడలు ఊరంతటికీ రామలక్ష్మి ఒక్కతే. జూన్ నెలాఖరుకి సర్టిఫికెట్టు చూపిస్తే పోస్టు ఆమెది, లేకపోతే పక్క ఊరిది. ఎనిమిదేళ్లుగా పలాస జీడి ఫ్యాక్టరీలో తొక్క ఒలిచి ఆమె వేళ్లు నల్లబడిపోయాయి. ఇక పిల్లల మధ్య కూర్చోవాలని ఆమెకి ప్రాణం కొట్టుకుంటోంది. మార్చిలో పరీక్ష.

పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి, ఒకవైపు ఇంగ్లీషు మాట, వెనక తెలుగు అర్థం రాసుకుంది. మూడొందల చీటీలయ్యాయి. సాయంత్రం నేర్చినవి తెల్లారేసరికి ఎగిరిపోయేవి. భర్త త్రినాథరావు ఆటో నడుపుతాడు. పెళ్లాం అవస్థ చూసి, బుర్రలో చిల్లు పడిందేమో అని ఒకసారి అన్నాడు. ఆ పూట అతనికి కూరలో ఉప్పు పడలేదు.

ఒక ఆదివారం ఆమె చీటీలన్నీ చేటలో పోసి నీళ్లకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పెద్దతల్లి అని పేరున్న అత్త వాటిని పదకొండు కుప్పలుగా ఏరిపెట్టింది. పెద్దతల్లి అదే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లుగా పప్పు గ్రేడింగు చేస్తోంది. విరగని గుండు ఒక గంపలోకి, రెండుగా చీలిన బద్ద ఇంకో గంపలోకి, ముక్క మరో గంపలోకి, చెయ్యి ఆగకుండా వేస్తుంది. బడి గడప తొక్కలేదు, జీతం పుస్తకంలో వేలిముద్రే వేస్తుంది. కలగాపులగంగా ఉన్నదేదైనా కనిపిస్తే ఆమె చేతులు ఊరుకోవు, అంతే.

రామలక్ష్మికి కోపం వచ్చింది. కుప్పల్ని చూశాక కోపం చల్లారి నోరు తెరుచుకుంది. ఒక కుప్పలో లైట్, నైట్, రైట్, ఫైట్, ఎయిట్. అన్నిటి చివరా అవే మూడు అక్షరాలు, జీ, హెచ్, టీ. ఇంకో కుప్పలో స్టేషన్, నేషన్, యాక్షన్. మరోదాంట్లో మొదట కే ఉండి కూడా పలకనివి: మోకాలికి చెప్పే మాట, కత్తికి చెప్పే మాట, ముడికి చెప్పే మాట. అక్షరం ముక్క రాని మనిషి కంటిచూపుతోనే వాటి చుట్టరికాలు పట్టేసింది.

"ఎలగ ఏరినావత్తా?"

"ఏటుంది? ఏ పప్పు ఏ గంపలోదో సూత్తే తెలీదేటి?" అంది పెద్దతల్లి.

ఒక్క చీటీ దగ్గర మాత్రం తగువొచ్చింది. డాటర్ అనే మాటని ఆమె లైటు కుప్పలో వేసింది. పలుకు వేరని రామలక్ష్మి తియ్యబోయింది. నోటికి వేరైతే తనకేమిటి, కంటికి ఒకటేనని అత్త ఒప్పుకోలేదు. చూస్తే నిజమే, ఆ మూడక్షరాలూ మధ్యలో ఉన్నాయి. దానికి అర్థమేమిటని అడిగింది. కూతురని కోడలు చెప్పింది. పెద్దతల్లి ఆ చీటీని కాసేపు చేతిలోనే ఉంచుకుంది.

"ఉండనీ. నాకు ఆడపిల్ల నేదు గదా."

రామలక్ష్మి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చీటీ ఆ కుప్పలోనే ఉండిపోయింది.

ఆనాటి నుంచి చదువు కుప్పల లెక్కన సాగింది. అత్త చీటీ ఎత్తి చూపడం, కోడలు అర్థం చెప్పడం. తప్పో ఒప్పో అత్తకేం తెలుసంటారా? కోడలు ఒక్క క్షణం తడబడితే చాలు, ఆ చీటీ మళ్లీ కుప్పలోకే. ముప్ఫై ఏళ్లు మేస్త్రీల ముఖాలు చదివిన మనిషికి కోడలి ముఖం ఒక లెక్కా?

ఈ చదువు ఫ్యాక్టరీలోకీ పాకింది. తొక్క ఒలుస్తూ ఆడవాళ్లందరూ లైటంటే వెలుతురు, నైటంటే రాత్రి అని దరువు కట్టారు. మేస్త్రీ నీలకంఠం తిట్టడానికే వచ్చాడు. పని తగ్గలేదని చూసుకున్నాడు, కాసేపు నిలబడ్డాడు, చివరికి టైటంటే బిగుతని తనూ ఒకటి అందించి వెళ్లాడు. కుప్పలో ఇంకో చీటీ పెరిగింది.

పరీక్ష టెక్కలిలో. త్రినాథరావు ఆటోలోనే తీసుకెళ్లాడు. రావివలస దారి కనపడగానే ఎండల మల్లన్నకి దండం పెట్టి కొబ్బరికాయ మొక్కుకున్నాడు, ఉప్పు లేని కూర ఇంకా మరిచిపోలేదు కాబోలు. రామలక్ష్మి నవ్వుతూనే బయటికొచ్చింది. పేపరంతా తెలిసిన చుట్టాలేనంది.

మే నెలలో ఫలితాలు పేపర్లో పడ్డాయి. పలాస బస్టాండులో జనం మీదపడి చూస్తున్నారు. త్రినాథరావు ఎలాగో ఒక పేపరు సంపాదించి, రెండుసార్లు వెతికి, తల వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. నంబరు లేదన్నాడు. రామలక్ష్మి ఏడవలేదు. పొయ్యి దగ్గర కూర్చుని, ఆరిపోయిన పుల్లనే ఎగదోస్తూ ఉండిపోయింది. ఆమెని అలా చూడటం కంటే ఏడిస్తేనే బాగుండును.

పెద్దతల్లి పేపరు అడిగింది. హాల్ టికెట్టు కూడా అడిగింది. చూశాను గదా అని కొడుకు విసుక్కున్నాడు. ఆమె వినలేదు. పేపరు చేటలో పరిచి, టికెట్టు పక్కన పెట్టుకుని, మొదటి వరుస మొదటి అంకె నుంచి వేలు నడిపింది. గంపలో ఒక్క పప్పు చూడకుండా వదిలితే గ్రేడింగు కాదు ఆమె దృష్టిలో. అరగంట గడిచింది. పేజీ తిప్పింది. అడుగున, బడికి వెళ్లకుండా ప్రైవేటుగా పరీక్ష కట్టినవాళ్ల నంబర్లు చిన్న అచ్చులో విడిగా ఉన్నాయి. త్రినాథరావు అక్కడిదాకా రాలేదు. వేలు అక్కడ ఆగింది.

"ఒలే, ఇలగొచ్చి సూడు. ఈ ఏడంకెలూ ఆ ఏడంకెలూ ఒక గంపలోవి కావేటి?"

రామలక్ష్మి ఒక్కొక్క అంకే పోల్చుకుంది. ఏడుకి ఏడూ కలిశాయి. అప్పుడు ఏడ్చింది, అత్త మెడ పట్టుకుని, ఊరు వినేలా. త్రినాథరావు కొబ్బరికాయ కోసం పరుగెత్తాడు.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర తోటి పనిమనిషి నూకాలమ్మ పెద్దతల్లిని ఆపింది. కొడుక్కి కనపడలేదన్నారు గదా, మరి పేపరు చదివి చెప్పిన పుణ్యాత్ముడెవరని అడిగింది. పెద్దతల్లి కొంగు సర్దుకుంది, గేటు లోపలికి ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగింది.

"ఎవుడూ కాదే. నానే సదివినాను."